రంగుచిప్ప పట్టుకున్న అక్క

కొరియర్ వచ్చేటప్పటికి కోమలి ఒక ఓణీల ఫంక్షన్ ఫ్లెక్స్ మీద పని చేస్తోంది. ఫొటోలో పిల్ల ముఖం మీది మొటిమలు ఒక్కొక్కటే చెరిపి, వెనకాల ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడని జలపాతం ఒకటి పెట్టి, పక్కన మేనమామల ఫొటోలు గుండ్రాల్లో వరసగా అమర్చాలి. సత్యవేడు బస్టాండుకి ఎదురుగా గిరిప్రసాద్ నడిపే షాపులో ఆమెకిది తొమ్మిదో ఏడు. కవరు మీద పంపినవాళ్ళ పేరు చూసి, దాన్ని కీబోర్డు పక్కకి నెట్టి, మొటిమల పని పూర్తిచేసింది. లోపల ఏముందో ఆమెకు తెలుసు. చిన్నమ్మ భారతమ్మ నెలరోజులుగా ఫోనులో అదే చెబుతోంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసే ముందు కవరు చించింది. గట్టి అట్ట. ‘మెల్లకన్ను రాజు’ అని పెద్ద అక్షరాలు. కింద ‘కథ, బొమ్మలు: మహిత’ అని ఉంది. అట్ట నిండా నేలమీద వెల్లకిలా పడుకున్న మట్టి రాజు. అతని రొమ్ము మీద పసుపు పూల గౌను వేసుకున్న పిల్ల, చేతిలో కుంచె. రాజు కుడికన్ను ఆకాశంలోకి చూస్తోంది, ఎడమకన్ను ముక్కువైపు తిరిగిపోయి ఉంది.

బొమ్మ బాగుంది. కోమలికి మొదట తట్టింది అదే. అట్టని ఒకసారి బోర్లా తిప్పింది కూడా అందుకే.

మహిత చిన్నమ్మ కూతురు. కోమలి కంటే మూడేళ్ళు చిన్న. వాళ్ళ నాయనకు రేణిగుంట రైల్వేలో ఉద్యోగం, కాపురం తిరుపతిలో. కోమలి మాత్రం పుట్టింది, పెరిగింది అమ్మమ్మగారి ఊళ్ళోనే. అది సత్యవేడుకి ఆరు మైళ్ళ దూరంలో, తమిళనాడు పొలిమేర దగ్గరి పల్లె. అక్కడ ఏటా ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. ఆఖరిరోజు పొద్దున దుర్యోధన వధ. దాన్ని ఆ వైపు పడుకళం అంటారు. గుడి ముందు బయల్లో ముప్పై అడుగుల దుర్యోధనుణ్ణి మట్టితో చేసి పడుకోబెడతారు. భీముడి వేషగాడు గదతో తొడ మీద కొడితే లోపల దాచిన కుండ పగిలి కుంకుమ నీళ్ళు చిమ్ముతాయి.

ఆ మట్టి మనిషిని నలభై ఏళ్ళుగా చేస్తున్నది తాత వెంకటముని. కుండలు చేసే ఇల్లు వాళ్ళది. కుండలు కొనేవాళ్ళు తగ్గిపోయినా, ఏడాదికోసారి ఈ పని మాత్రం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేది. ఒళ్ళంతా అయ్యాక, వధ రోజు పొద్దున మాత్రమే ఆయన రాజుకి కళ్ళు పెట్టేవాడు. తెల్లసున్నం మీద నల్లమసి.

కోమలికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఏడు తాత చేతికి సెగగడ్డ లేచి వేళ్ళు ముడుచుకోలేదు. ఆయన చుట్టూ చూసి, "మే కోమలీ, నువ్వెక్కి పెట్టు," అన్నాడు. ఆమె పాదాలు తడిమట్టిలో కూరుకుపోతుండగా రాజు రొమ్ము మీదుగా నడిచి గడ్డం పక్కన కూర్చుంది. కుడికన్ను చక్కగా వచ్చింది. ఎడమకన్ను దగ్గర ఉండగా వెనకనుంచి డోలు మోగేసరికి ఉలిక్కిపడింది. నల్లరంగు ముక్కువైపు జారిపోయింది. జనం విరగబడి నవ్వారు. ఆ ఏడు దుర్యోధనుడు మెల్లకన్నుతోనే చచ్చిపోయాడు. కింద రంగున్న కొబ్బరిచిప్ప పట్టుకుని నిలబడింది మహిత. ఆరేళ్ళది. పండగకని తిరుపతి నుంచి వచ్చి, పసుపు పూల గౌను వేసుకుని ఉంది.

పుస్తకంలో రాజు మీదికి ఎక్కింది ఆ గౌనే. కోమలి పేజీలు తిప్పింది. డోలు మోగడం ఉంది, ఉలిక్కిపడటం ఉంది, జనం నవ్వటం ఉంది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: ‘మా తాత వెంకటమునికి. రంగుచిప్ప పట్టుకుని నా పక్కన నిలబడిన మా అక్క కోమలికి.’

ఆమె పుస్తకం మూసి పెరుగన్నం తిన్నది. తింటున్నంతసేపూ ఉప్పు వేసుకోలేదన్న సంగతి కూడా తెలియలేదు. ఫోనులో మహిత మెసేజీ వచ్చి ఉంది. "అక్కా, బుక్కు అందిందా? ఎట్లుండాది?"

"సూపర్," అని కొట్టి పక్కన ఒక ఎర్రగుండె పెట్టింది.

ఆ వారం రోజులు కోమలి ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. బాగున్న చోటల్లా పేజీ గబగబా తిప్పేసింది. తప్పుల దగ్గర ఆగింది. గద ఎడమచేతి పక్కన ఉంది, కుడిచేతి పక్కన ఉండాలి. మీసం కొనలు పైకి తిప్పింది, తాత ఎప్పుడూ పక్కలకే దువ్వుతాడు. ఆఖరి బొమ్మలో వధ అయిపోయాక అందరూ ఇళ్ళకు పోతున్నారు, రాజు నిద్రపోతున్నట్టు పడి ఉన్నాడు. ఆ తర్వాత రాజు ఏమవుతాడో దీనికేం తెలుసు, అనుకుంది. వధ అయిన రోజు సాయంకాలం నాలుగ్గంటల బస్సుకే ప్రతి ఏడూ మహితా వాళ్ళూ తిరుపతికి పోయేవాళ్ళు.

భర్త మునిశేఖర్ కంపెనీ బస్సు నడుపుతాడు. నెమ్మదస్తుడు. పుస్తకం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూసి, "శానా బాగుండాది గదా," అన్నాడు. కోమలి పుస్తకం అతని చేతిలోంచి తీసుకుని బీరువాలో పెట్టేసింది.

మరుసటి రోజు పొద్దున టీ ఇస్తుంటే అతనే అడిగాడు. "మహిత మీద కోపమా నీకు?"

"కోపం కాదు."

"మరి?"

కోమలి గ్లాసు చేతికిచ్చి, "నాకు కావాల్సింది అది చేసేసింది," అంది.

అది నిజం. మహితకు చెయ్యి పట్టుకుని బొమ్మలు నేర్పిందే కోమలి. వేసవి సెలవుల్లో అరుగు మీద బొగ్గుముక్కతో కుండ గీయించేది. కుండకి నీడ ఎక్కడ పడుతుందో, గుండ్రం ఎలా వస్తుందో చూపించేది. ఇంటర్ అయ్యాక తాను తిరుపతిలో బొమ్మల కాలేజీలో చేరడానికి ఫారం కూడా తెచ్చుకుంది. నాయన, "నీ ఇష్టమమ్మా," అన్నాడు. అమ్మ అలివేలమ్మ కొత్త సంచీ కూడా కుట్టింది. ప్రవేశ పరీక్షలో మనిషిని కూర్చోబెట్టి గీయమంటారని ఎవరో చెప్పారు. అంతమంది మధ్య తన బొమ్మ ఎవరైనా వంగి చూస్తారేమో అనే భయంతో కోమలి ఆ రోజు కడుపునొప్పని పడుకుంది. తర్వాత డీటీపీ నేర్చుకుని గిరిప్రసాద్ షాపులో చేరింది. మూడేళ్ళకి మహిత అదే పరీక్ష రాసింది. ముందురోజు ఫోను చేసి ఏ పెన్సిలు తీసుకుపోవాలని అడిగింది. కోమలి చెప్పింది. మహిత ప్యాసయింది.

ఎవరో అడ్డుపడి ఉంటే బాగుండేదని ఆమెకు చాలాసార్లు అనిపించేది. తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు. బీరువాలో ఆమె నోట్‌బుక్కులు పదకొండు ఉన్నాయి. నిండా తాత చేతులు, అమ్మ వీపు, గొర్రెలు, వేషగాళ్ళ కిరీటాలు. దేంట్లోనూ ఒక కథ మొదలై చివరిదాకా పోలేదు.

మే నెలలో భారతం కమిటీవాళ్ళు షాపుకి వచ్చారు. పడుకళం రోజు స్టేజీ మీద మహితకు సన్మానం చేయాలట, పెద్ద ఫ్లెక్స్ కావాలట. "మన ఊరి ఆడబిడ్డ. ఫొటో పెద్దదిగా పెట్టు తల్లీ, తక్కిందంతా నీకే తెలుసు," అని కమిటీ పెద్ద గోవిందస్వామి మహిత ఫొటో ఫోనులో పంపించాడు. కోమలి తలూపింది.

ఫొటోలో మహిత పుస్తకం గుండెకి ఆనించుకుని నవ్వుతోంది. వెనక చెన్నైలో ఏదో పుస్తకాల హాలు. కోమలి ఆ ఫొటోని తెరనిండా పెంచి, పళ్ళు లెక్కపెట్టినంత దగ్గరగా చూసింది. ఒక్క మొటిమ లేదు. తర్వాత దాన్ని తగ్గించింది. ఇంకా తగ్గించింది. తన ఫోనులో ఉన్న తాత ఫొటో తీసి, మోచేతుల దాకా మట్టితో నిలబడ్డ ఆయన్ని ఫ్లెక్స్ నిండా పరిచింది. మహితను కుడివైపు మూలన, మామూలుగా మేనమామలకు కేటాయించే గుండ్రంలో పెట్టింది.

గిరిప్రసాద్ వెనకనుంచి చూసి, "ఇదేందమ్మా, ఆ పాప ఇంత చిన్నదై పోయింది?" అన్నాడు.

"ఫొటో క్లారిటీ లేదన్నా. పెంచితే పగులుతాది."

అద్దంలా ఉన్న ఫొటో గురించి అంత తడుముకోకుండా అబద్ధం చెప్పగలనని ఆమెకే తెలియదు. ఫ్లెక్స్ ప్రింటయి బయటికి వస్తుంటే గుండె కొంచెం చల్లబడింది. ఇంటికి పోయేటప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో స్కూటీ మీద రెండుసార్లు చెప్పుకుంది.

ఎవరూ అడగలేదు. పడుకళానికి ముందురోజు మధ్యాహ్నం గుడి ముందు ఫ్లెక్స్ కడుతుంటే జనం గుమిగూడారు. గోవిందస్వామి నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పెద్దాయన్ని ముందర పెట్టింది సూడండి. నలభై ఏండ్లుగా మనం ఒక్కరోజన్నా ఆయన ఫొటో వేసినామా? తెలివంటే కోమలిది," అన్నాడు. అప్పుడే తల్లితో తిరుపతి బస్సు దిగి వచ్చిన మహిత ఫ్లెక్స్ చూసి ఆగిపోయింది. సంచీ అక్కడే దించి, వచ్చి కోమలిని గట్టిగా కౌగిలించుకుంది.

"నా మనసులో ఉండేది నీకెట్లా తెలిసినక్కా? నా ఫొటో పెద్దది వేస్తారేమోనని బస్సులో శానా ఇబ్బందిపడ్డా."

కోమలి ఆ చేతుల మధ్య కట్టెలా నిలబడింది. ఆమె చేసిన చెడ్డపని కూడా మహితకే మేలు చేసింది.

ఆ కోపమే గంట తర్వాత బయటికి వచ్చింది. బయల్లో దుర్యోధనుడి పని జరుగుతోంది. తాతకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు వంగలేడు. కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఊరివాళ్ళు మట్టి మెత్తుతున్నారు. కోమలి రాజు కుడిచేతి వేళ్ళకి గోళ్ళు తీరుస్తోంది. మహిత పక్కనే కూర్చుని ఆ వేళ్ళని స్కెచ్ వేసుకుంటోంది. భారతమ్మ అందరికీ మజ్జిగ పోస్తోంది.

కోమలి తలెత్తకుండానే అడిగింది. "తాతా, నీ చేతికి సెగగడ్డ లేసిన ఏడు కండ్లు పెట్టింది ఎవురు?"

"ఇంకెవురు, నువ్వే గదా."

"మహిత యాడుండాది అప్పుడు?"

తాత నవ్వాడు. "కింద నిలబడి రంగుచిప్ప గౌను మీద ఒంపేసుకునింది. మీ చిన్నమ్మ దాని వీపు మీద ఒకటిచ్చింది. మూడు ఉతుకులకి గూడా ఆ మసి పోలేదని వచ్చినప్పుడల్లా చెప్పేది."

భారతమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని, "అవును, తిరుపతికి పోయి పారేసినాను ఆ గౌను," అంది. అని కూతురి వైపు చూసి ఆగిపోయింది.

మహిత పెన్సిలు ఆగింది. "నేను గాదా?" అంది మెల్లగా. "నాకు కాళ్ళకింద మట్టి సల్లగా తగిలినట్టు గూడా గుర్తుండాదే అక్కా."

"వధ అయినాక పిలకాయలందరూ ఎక్కినారు. అప్పుడు ఎక్కినావు నువ్వు."

"డోలు మోగితే ఉలిక్కిపడింది?"

"నేను."

మహిత కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఏడ్చి సాధించే మనిషి కాదు ఆమె. నిజంగానే ఇరవై ఏళ్ళుగా ఆ కళ్ళు తానే పెట్టాననుకుంది, ఆ ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. "ముందే యాల చెప్పలేదక్కా, బుక్కు పంపినప్పుడే?" అని మాత్రం అడిగింది. కోమలి మళ్ళీ గోళ్ళు తీర్చడంలో పడింది. గెలిచిన సంతోషం ఒక గ్లాసు మజ్జిగ తాగినంతసేపు ఉంది.

మరునాడు పొద్దున వధ జరిగింది. కుండ పగిలింది, ద్రౌపది వేషగాడు జుట్టు ముడుచుకున్నాడు, ఆడవాళ్ళు కుంకుమ నీళ్ళు కళ్ళకద్దుకున్నారు. తర్వాత స్టేజీ మీద మహితకు శాలువా కప్పి మైకు ఇచ్చారు.

"నేను ఒక తప్పు రాసినాను," అని మొదలుపెట్టింది మహిత. ఆ పిల్ల తాను కాదని, కళ్ళు పెట్టింది అక్కేనని, తాను చిప్ప పట్టుకున్న పిల్లనని, రెండో అచ్చులో మార్పిస్తానని, అసలు తనకు పెన్సిలు పట్టడం నేర్పిందే అక్క అని ఒక్కొక్కటే చెప్పింది. ఎక్కడా ఆగలేదు. కోమలిని పైకి రమ్మని పిలిచి తన శాలువా తీసి ఆమెకు కప్పింది. బయలంతా చప్పట్లు.

స్టేజీ దిగుతుంటే మెట్ల దగ్గర ఇద్దరు ముసలమ్మలు మాట్లాడుకుంటున్నారు. "ఎంత మంచి మనసు సూడు ఆ తిరుపతి పిల్లకి. ఎవురు ఒప్పుకుంటారు అట్లా, అంతమంది ముందర?"

కోమలి శాలువా మడిచి చంకలో పెట్టుకుంది. న్యాయం జరిగింది. అడగకుండానే అంతా తిరిగి ఇచ్చేశారు. అయినా లోపల మంట అట్లాగే ఉంది, ఇంకా పెరిగింది కూడా. గుడి గోడనీడలో కూర్చుని అప్పుడు ఆలోచించింది. ఆ జ్ఞాపకం తనదే. కానీ మహిత రెండేళ్ళు కూర్చుని ముప్పై రెండు పేజీలు గీసింది. ఎవరో వంగి చూస్తుండగా గీసింది, బాగాలేదంటే చించి మళ్ళీ గీసింది. తనది కానిది అదే. దాన్ని ఎవరూ మైకులో తిరిగి ఇవ్వలేరు.

నాలుగ్గంటల బస్సుకి మహితా వాళ్ళూ వెళ్ళిపోయారు. కోమలి ఆ రాత్రికి పుట్టింట్లో ఆగింది. సాయంకాలం ఆడవాళ్ళు తట్టలతో బయల్లోకి వచ్చారు. దుర్యోధనుడి ఒంటిమీది మట్టి పిడికెడు తీసుకుపోయి వడ్లగాదెలో వేస్తే గాదె వట్టిపోదని అక్కడి నమ్మకం. అలివేలమ్మ కూడా భుజం దగ్గర ఒక పిడికెడు గిల్లింది. మునిమాపుకల్లా రాజుకి ఒక చెవి, సగం మీసం లేవు.

జూన్‌లో రెండు వానలు పడ్డాయి. అమ్మను చూడ్డానికి స్కూటీ మీద వచ్చినప్పుడల్లా కోమలి బయలు దగ్గర ఆగడం మొదలుపెట్టింది. కిరీటం కరిగి కాలవ కట్టింది. పొట్ట మీద ఎవరిదో దూడ పడుకుంది. పగిలిన తొడ గుంటలో నీళ్ళు నిలిచి కప్పలు చేరాయి. కోళ్ళు అరచేతిని గీకి పురుగులు తింటున్నాయి. ఒకరోజు రొమ్ము మీద ఎవరూ నాటని గుమ్మడి మొలక రెండాకులతో లేచి ఉంది. కోమలి బండి స్టాండు వేసి దాని ముందు కూర్చుంది.

ఇది మహిత ఎన్నడూ చూడలేదు, అనుకుంది. దానికి తెలియదు.

అది మంచి ఆలోచన కాదు. కానీ ఆ ఆలోచనకే ఒంట్లో బలం వచ్చింది. మరునాడు మధ్యాహ్నం షాపులో అన్నం పక్కన పెట్టి, కొత్త పుస్తకం ఒకటి తెరిచి, మొదటి పేజీలో చచ్చిపోయిన రాజుని గీసింది. రెండో పేజీలో తట్టలతో ఆడవాళ్ళు. గిరిప్రసాద్ వచ్చి వంగి చూశాడు. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టబోయి, కొంచెం ఆగి, తీసేసింది.

"ఎవురికమ్మా ఇది?" అన్నాడు ఆయన.

"ఎవురికీ లేదన్నా. నాకే."

ఆదివారాలు ఆ పేజీలు తాతకు చూపించేది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పనివాడి తప్పు పట్టినట్టు చూసేవాడు. "ముక్కు ముందు కరుగుతాదే, చెవి కాదు. ముక్కులో నేను ఇసక జాస్తి కలుపుతా," అన్నాడు ఒకసారి. కోమలి ఆ పేజీ చించి మళ్ళీ గీసింది. నలభై ఏళ్ళుగా ఆయన కూడా వానల్లో ఒక్కడే వచ్చి రాజుని చూసుకునేవాడని ఆ రోజే తెలిసింది.

పదహారు బొమ్మలు పూర్తయ్యాక స్కాన్ చేసి హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళకి పంపింది. మహిత పుస్తకం వేసిన చెన్నైవాళ్ళకి పంపలేదు. మహితకు చెబితే తప్పకుండా వాళ్ళకి ఒక మాట చెప్పేది, ఆ మాట కోమలికి వద్దు. నాలుగు నెలల తర్వాత జవాబు వచ్చింది. కథ నచ్చిందట. వేస్తామనలేదు, వెయ్యం అని కూడా అనలేదు. దూడ పేజీ, కప్పల పేజీ, ఆఖరి పేజీ మళ్ళీ గీసి పంపమన్నారు. మునిశేఖర్ ఆ జవాబు రెండుసార్లు చదివి, ఈసారి బాగుందనో లేదనో ఏమీ అనకుండా, సెలవు రోజున వంట తాను చేస్తానన్నాడు.

సంక్రాంతి దాటాక ఒకరోజు భారతమ్మ ఫోను చేసింది. మహిత రెండో పుస్తకం ఒప్పుకున్నారట, ఈసారి రేణిగుంట రైల్వే క్వార్టర్స్ కథట, వాళ్ళ నాయన గురించట. కోమలి "శానా సంతోషం చిన్నమ్మా," అంది. ఆ పూట అన్నం తినలేదు. మునిశేఖర్ అడిగితే ఆకలి లేదంది.

మరునాడు షాపు తెరిచే వేళకి అరగంట ముందే వచ్చి, షట్టరు సగం ఎత్తి, దూడ పేజీ ఐదోసారి మొదలుపెట్టింది.